నలభై ఆరేళ్లకి మళ్లీ పెళ్లినాటి 52 కిలోలు కావాలా?

ప్రశ్న అడిగిన సోదరి రాసింది చాలా పెద్దది. మిగతావాళ్లకి సందర్భం తెలియడానికి ముందు దాన్ని నాలుగు ముక్కల్లో చెబుతాను. ఆవిడ వయసు 46. సొంతూరు అనంతపురం, ఉంటున్నది బెంగళూరు సర్జాపుర రోడ్డులో. ఉద్యోగం, పదో తరగతి చదివే అమ్మాయి. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. పెళ్లినాడు 52 కిలోలు, ఇప్పుడు 66. నడుము చుట్టుకొలత 36 అంగుళాలు. ఏడాదిగా నెలసరి ఒక నెల వస్తే రెండు నెలలు రావడం లేదు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 5.9 అని వచ్చింది. పోయిన పండక్కి ఊరెళితే వాళ్లాయన అక్కగారు పదిమందిలో "ఏంటమ్మా ఇలా అయిపోయావు? పెళ్లప్పుడు మా తమ్ముడి పక్కన మెరుపుతీగలా ఉండేదానివి" అన్నారట. ఇంకో నాలుగు నెలల్లో బావగారి అమ్మాయి పెళ్లి. అందుకని అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పదహారు గంటల ఉపవాసం ఛాలెంజ్‌లో చేరి, రాత్రి భోజనం మానేశారు. మూడు వారాల్లో రెండు కిలోలు తగ్గారు, నాలుగో వారానికి అవి తిరిగొచ్చేశాయి. ఇప్పుడు కళ్లు తిరుగుతున్నాయి. "పెళ్లిలోపు 52కి రావాలంటే బరువు తగ్గించే ఇంజెక్షన్ తీసుకోవచ్చా?" అన్నది ప్రశ్న.

నేను ఇదే ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మనవాళ్లు చాలామంది, అందులోనూ నలభై దాటిన ఆడవాళ్లు. కాబట్టి జవాబు ముందే చెప్పేసి కారణాలు తర్వాత చెబుతాను. అమ్మా, మీకు 52 అక్కర్లేదు. 62 దగ్గరికి వస్తే చాలు, దానికి ఏడాది పట్టినా తొందర లేదు. నడుము మాత్రం తగ్గాలి, అది ఫోటోల కోసం కాదు, షుగర్ రాకుండా ఉండటానికి. ఇంజెక్షన్ మీకు సంబంధించింది కాదు. రాత్రి భోజనం ఈరోజు నుంచే మళ్లీ మొదలుపెట్టండి.

కళ్లు తిరగడాన్ని మాత్రం "డైటింగ్‌లో ఇవన్నీ మామూలే" అనుకుని వదిలేయకండి. నెలసరి గతి తప్పే వయసులో కొందరికి వచ్చినప్పుడు రక్తం విపరీతంగా పోతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న మనిషి పస్తులు కూడా ఉంటే కళ్లు తిరగక ఏమవుతుంది? ఈ వారమే పరీక్ష చేయించుకోండి.

ఇక అసలు విషయం. "తిండి అంతే, పని అంతే, మరి పొట్ట ఎక్కడి నుంచి వచ్చింది?" అని మీరు అడిగారు. ఈ వయసులో అందరూ అడిగేదే. మెటబాలిజం పడిపోయిందని జవాబు కూడా వాళ్లే చెప్పుకుంటారు. అది నిజం కాదు. 2021లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. పుట్టి ఎనిమిది రోజులైన పసికందుల నుంచి 95 ఏళ్ల ముసలివాళ్ల దాకా 6,400 మందికి పైగా మనుషుల ఒంట్లో రోజుకి ఎంత శక్తి ఖర్చవుతోందో లెక్కగట్టారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ ఖర్చు 20 ఏళ్ల నుంచి 60 దాకా దాదాపు ఒకేలా ఉంది.

మరి మారుతున్నదేమిటి? కండ తగ్గుతుంది, కొవ్వు చోటు మార్చుకుంటుంది. అమెరికాలో స్వాన్ అనే అధ్యయనం ఉంది, 1990ల నుంచి వేలమంది ఆడవాళ్లని నడివయసులో ఏళ్ల తరబడి గమనించారు. ముట్లుడిగే దశ మొదలయ్యేసరికి ఒంట్లో కొవ్వు చేరే వేగం దాదాపు రెట్టింపవుతుందని, అప్పుడే కండ తగ్గడం కూడా మొదలవుతుందని అందులో తేలింది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ బాగా ఉన్నన్నాళ్లూ తొడల్లో, పిరుదుల్లో చేరిన కొవ్వు ఇప్పుడు పొట్టలో చేరుతుంది. మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46–47 ఏళ్లు, అంటే మీరు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. ఆ అధ్యయనంలోనే ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. చివరి నెలసరి అయిన రెండేళ్లకి ఈ పెరుగుదల నిలకడకి వస్తుంది. మీ ఒళ్లు మీ చేయి దాటిపోలేదు. అది ఒక దశలో ఉంది, ఆ దశకి తగ్గట్టు దాన్ని చూసుకోవాలి.

మీరు రాసిన రోజువారీ తిండి చూశాను. పొద్దున గోరువెచ్చటి నీళ్లలో తేనె, నిమ్మరసం. పదకొండింటికి గిన్నెడు ఓట్స్. రెండింటికి ఒక పుల్కా, కాస్త కూర, కీరా ముక్కలు. ఆరింటికి గ్రీన్ టీ. ఆ తర్వాత ఏమీ లేదు. ఇక్కడితో ఆపేయకుండా మిగతాది కూడా నిజాయితీగా రాశారు, అందుకు మీకు దణ్ణం పెట్టాలి. రాత్రి పదకొండు దాటి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి, లైటు వేయకుండా, డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి, నిలబడే జంతికలు తిన్నానని, తింటూ ఏడ్చానని రాశారు. అది చదివి నాకు చాలా బాధ కలిగింది. మీకు నోరు కట్టుకోవడం చేతకాక జరిగింది కాదది.

1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలికి చిక్కి శల్యమైనవాళ్లని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి, తమంతట తామే ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో తిండి పెట్టాడు. రోజుకి సుమారు 1,570 క్యాలరీలు. కొద్ది వారాల్లోనే ఆ కుర్రాళ్లకి తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. పళ్లేలు నాకారు. చిరాకు, దిగులు, ఎప్పుడూ చలి. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలయ్యాక ఎంత తిన్నా వాళ్లకి తృప్తి కలగలేదు. ఇప్పుడు మీ లెక్క చూడండి. ఆ జంతికలు తీసేస్తే మీరు తింటున్నది ఏడెనిమిది వందల క్యాలరీలు దాటదు. కండలు తిరిగిన కుర్రాళ్లకే చాలని ఆ తిండిలో సగంతో మీరు ఆఫీసు చేస్తున్నారు, వండుతున్నారు, పిల్ల చదువు చూస్తున్నారు. రాత్రి పదకొండింటికి మీ ఒళ్లు డబ్బా వెతుక్కుంటూ వెళ్లడంలో ఆశ్చర్యమేముంది?

ఉపవాసం ఛాలెంజ్ గురించి కూడా రెండు మాటలు. మొదటి వారాల్లో పోయినవాటిలో ఎక్కువభాగం నీళ్లు, ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం. అందుకే అంత త్వరగా పోయి అంత త్వరగా వచ్చేశాయి. చైనాలో గ్వాంగ్జౌలో ఊబకాయం ఉన్న 139 మందిని ఏడాదిపాటు పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. అందరికీ క్యాలరీలు ఒకేలా తగ్గించి, సగంమందిని మాత్రం రోజులో ఎనిమిది గంటల లోపే తినమన్నారు. ఆ గంటల నియమం వల్ల బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. కొందరికి అది సుఖంగా సరిపోతుంది, వాళ్లని నేను వద్దనను. మీకు సరిపోవడం లేదు. మానేయండి. గ్రూపులో రోజూ పొద్దున బరువు మిషన్ ఫోటో పెట్టడం అంతకంటే ముందు మానేయండి.

ఆన్సెల్ కీస్ పేరు చెప్పాను కదా, ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే బీఎంఐ లెక్కకి 1972లో ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ లెక్క అంతకుముందే, 1830లలో, బెల్జియంకి చెందిన క్వెట్‌లే అనే గణాంకవేత్త కట్టింది. జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో చెప్పడానికి పనికొచ్చే లెక్క అది. ఒక మనిషి ఒంట్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో, ఆ కొవ్వు ఎక్కడుందో అది చెప్పలేదు. మన విషయంలో ఇది మరీ ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వేశారు. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ అందులో పక్కపక్కన ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉండి లోపల కొవ్వు, షుగర్ ఉన్నవాళ్లు మన దేశంలో కోకొల్లలు. అందుకే మనవాళ్లకి బీఎంఐ హద్దులు కూడా తక్కువగా పెట్టారు, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. ఆ లెక్కన మీది 26.6. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ "మా తోడికోడలు నాకంటే రెండేళ్లు పెద్దది, ఇప్పటికీ 50 కిలోలే" అని మీరు రాసిన మాట ఒకటి ఉంది చూడండి, దాన్నిబట్టి ఆవిడ షుగర్ ఎంతో, ఎముకల బలం ఎంతో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

నాకు కావాల్సింది నడుము కొలత. జాకెట్టు కొలత, ప్యాంటు సైజు లెక్కలోకి రావు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టండి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి, పొట్ట లోపలికి పీల్చకండి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదు. మీ 36 అంగుళాలంటే 91 సెంటీమీటర్లు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు. మీది 5.9. మీ విషయంలో నేను పట్టించుకునే అంకెలు ఈ రెండే.

ఈ రెండూ బాగుపడటానికి మెరుపుతీగ కానక్కర్లేదు. మన పక్కనే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ గుమ్మంలో ఉన్న 531 మంది మీద ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని ఒక అధ్యయనం చేసి 2006లో ప్రచురించింది. తిండి మార్చుకుని, నడక అలవాటు చేసుకున్నవాళ్లకి షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. చెప్పుకోదగ్గంత బరువు తగ్గకుండానే ఆ ఫలితం వచ్చింది. "తగ్గకపోతే ఈ నడకంతా దండగే కదా" అని నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకునే ప్రతి మనిషికీ నేను ఈ సంగతి చెబుతాను. మిషన్ మీద ముల్లు కదలకపోయినా లోపల పని జరుగుతూనే ఉంటుంది.

ఈ వయసులో బలవంతంగా సన్నబడటంలో ఒక ప్రమాదం ఉంది, పాతికేళ్లప్పుడు అంతగా లేనిది. పస్తులుండి తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. బరువు తిరిగొచ్చేటప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగితే అదే 66 కిలోల్లో కండ తక్కువ, పొట్ట ఎక్కువ అవుతుంది. ముట్లుడిగాక అయిదు నుంచి ఏడేళ్లలో కొందరు ఆడవాళ్లకి ఎముకల సాంద్రత 20 శాతం దాకా పడిపోతుంది. మరీ తక్కువ బరువు ఉండటం ఎముకలు విరగడానికి ఒక కారణమని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. అరవై అయిదేళ్లకి బాత్రూములో జారితే తుంటి విరగకుండా లేచి నిలబడాలంటే దానికి సరంజామా ఇప్పుడే కూడబెట్టుకోవాలి.

తిండి సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీకు అది దాదాపు 55 గ్రాములు. బరువు తగ్గించుకునే నడివయసువాళ్లకి నేను కాస్త పైన, 60 దాకా చెబుతాను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా పెంచకూడదు. మీరిప్పుడు తింటున్నదాంట్లో పాతిక కూడా ఉండవు. మన వంటలోనే ఇది సులువుగా వస్తుంది, పౌడర్ డబ్బాలు కొనక్కర్లేదు. ఒక గుడ్డు 6 గ్రాములు. గ్లాసు పాలు ఆరేడు గ్రాములు. పచ్చి కందిపప్పు 100 గ్రాముల్లో 22 దాకా ఉంటుంది, అంటే మనిషికి గుప్పెడు పప్పు పడేలా ఉడకబెడితే ఏడెనిమిది గ్రాములు వస్తుంది. పొద్దున రెండు పెసరట్లు, ఒక గుడ్డు. లేదా ఇడ్లీలు తగ్గించి పక్కన గిన్నెడు గట్టి సాంబారు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, దానికి సరిసమానంగా పప్పు, పళ్లెంలో సగం కూరగాయలు, కప్పు పెరుగు. సాయంత్రం ఆఫీసులో బిస్కెట్ బదులు ఉడకబెట్టిన శెనక్కాయలో, అలసంద గుగ్గిళ్లో. రాత్రి ఏడున్నర, ఎనిమిదింటికి రాగి సంగటి చిన్న ముద్ద, ఆకుకూర పప్పు. చికెన్ తినేవాళ్లయితే వారానికి రెండు మూడు రోజులు పప్పు బదులు అది. రాగుల్లో 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం ఉంటుంది. అనంతపురం ఇంట్లో పుట్టి రాగి సంగటి వదిలేసి ఓట్స్ తింటున్నారంటే నాకు మనసొప్పడం లేదు.

అన్నం మానమని నేను ఎవరికీ చెప్పను. కొలత తగ్గించమంటాను. అన్నం మీద కోపం తెచ్చుకున్నవాళ్లు నెలలో మళ్లీ అన్నం దగ్గరికే వస్తారు, అప్పుడు రెండింతలు తింటారు.

నడక మీకు అలవాటే అన్నారు. కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ పొద్దున తిరగడం బాగుంది, ఆపకండి. వారానికి 150 నిమిషాలు కాస్త వేగంగా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అదే సంస్థ వారానికి కనీసం రెండు రోజులు కండలకి బలం వచ్చే వ్యాయామం చేయమని కూడా చెబుతుంది. మన ఆడవాళ్లు ఎగ్గొట్టేది ఈ రెండో దాన్నే. జిమ్‌కి వెళ్లాలనేం లేదు. డైనింగ్ టేబుల్ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకి చేతులు ఆనించి పదిసార్లు వంగి లేవండి. రెండు కిలోల డంబెల్స్ ఒక జత కొనుక్కోండి. సులువనిపించినప్పుడల్లా కాస్త పెంచుకుంటూ పోండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకావిడ బరువు మిషన్‌ని అటక మీద పెట్టేసి, ఇంటికొచ్చే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌ని లెక్కగా పెట్టుకుంది. మొదట్లో దాన్ని నేలమీద జరపడానికి కూడా వాచ్‌మన్‌ని పిలిచేది. ఏడాది పైగా బరువులతో సాధన చేశాక, నడుము నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచి తనే ఎత్తి స్టాండు మీద పెట్టింది. బరువు తగ్గింది మూడు కిలోలే. ఫోన్ చేసి చెబుతున్నప్పుడు ఆ గొంతులో సంతోషం వినాల్సింది. మీరు ఇవాళే క్యాన్ ఎత్తబోకండి, నడుము పట్టేస్తుంది. నెమ్మదిగా అక్కడికి రండి.

ఇంజెక్షన్ గురించి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. బీఎంఐ 30 దాటినవాళ్లకి, లేదా 27 దాటి బరువు వల్ల వచ్చే జబ్బు కూడా ఉన్నవాళ్లకి వాడే మందులివి. డాక్టరు పర్యవేక్షణలో వాటివల్ల నిజంగా బాగుపడినవాళ్లు ఉన్నారు, వాళ్లని చూసి నవ్వకూడదు, వాళ్లు అడ్డదారి తొక్కారని అనకూడదు. మీరు ఆ హద్దులోకి రారు. పైగా పెళ్లికోసం నాలుగు నెలలు వేసుకుని ఆపేసే మందు కాదది. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లని ఏడాది తర్వాత చూస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. తగ్గేదాంట్లో కండ కూడా కొంత ఉంటుంది. ఇక ఆన్‌లైన్‌లో దొరికే "ఆయుర్వేద ఫ్యాట్ కట్టర్" మాత్రల జోలికి అసలు పోకండి. సిబుట్రమైన్ అనే మందు గుండెకి ప్రమాదమని 2011లో మన దేశంలో నిషేధించారు. అయినా బరువు తగ్గించే మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో దాన్ని చెప్పకుండా కలిపిన ఉదంతాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి.

ఇప్పుడు మిమ్మల్ని అసలు ఇక్కడిదాకా తెచ్చిన మాట దగ్గరికి వస్తాను. మీ వదినగారి మాట. నాకు ఇలాంటి మాటల మీద చాలా కోపం ఉంది, దాచుకోను. ఇద్దరు పిల్లల్ని కని, ఒకరిని కోల్పోయి, అత్తగారికి మంచంలో ఉన్నప్పుడు చాకిరీ చేసి, ఉద్యోగం నిలబెట్టుకున్న మనిషి గుమ్మంలోకి రాగానే ముందు ఒళ్లు కొలిచే అలవాటు మన ఇళ్లలో ఎందుకు పోదు? మీ ప్రశ్నలో ఇవన్నీ మీరు ఎక్కడో మధ్యలో, ఒక్క వాక్యంలో రాశారు. నడుము గురించి మాత్రం నాలుగు పేరాలు రాశారు. మీవారి పొట్ట గురించి ఆ పెళ్లిలో ఒక్కరూ మాట్లాడరు, ఆయనకి ఏ కొత్త చొక్కా కుట్టించాలో మాత్రం అడుగుతారు. కానీ 90 సెంటీమీటర్లు దాటితే ఆయనకీ అదే ప్రమాదం. ఈ ఆదివారం టేపు తీసి ఆయన నడుము కూడా కొలవండి.

"సన్నబడ్డావే, బాగున్నావు" అనే మాట కూడా నాకు భయమే. ఒకావిడ కొన్ని నెలల్లోనే బాగా చిక్కిపోయి ఊరెళ్తే అందరూ మెచ్చుకున్నారట, ఏం చేశావో మాకూ చెప్పమన్నారట. నా దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి షుగర్ అదుపు తప్పి ఉంది, అందుకే కరిగిపోయింది. ఆ మెచ్చుకోళ్ల వల్ల డాక్టరు దగ్గరికి రావడం ఆలస్యమైంది.

మీ వదినగారికి సమాధానం మీరు చెప్పనక్కర్లేదు. ఆవిడ ఆయన అక్క కాబట్టి ఆయన చెప్పాలి, అదీ పెళ్లికి ముందే, ఫోన్‌లో, నెమ్మదిగా. "అక్కా, దాని ఒళ్లు గురించి నలుగురిలో అనకు, డాక్టరు చూస్తున్నారు, నువ్వలా అంటే తను బాధపడి తిండి మానేస్తోంది" అంటే చాలు. ఈ మాట మీవారితో చెప్పించడం మీకు కష్టంగా ఉంటే నా జవాబు ఆయనకి చూపించండి. అప్పటికీ పెళ్లింట్లో ఎవరో ఒకరు అంటారు. "అవును పిన్నీ, వయసొస్తోంది కదా. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని మాట మార్చేయండి. అవతలివాళ్లు తమ మోకాళ్ల గురించి అరగంట చెప్పడం ఖాయం, అది కూడా ప్రేమగా వినండి.

అందంగా కనిపించాలనుకోవడం తప్పని నేను అనడం లేదు. పెళ్లికి చక్కగా ముస్తాబై వెళ్లండి. పాత పట్టుచీర జాకెట్టు కుట్లు విప్పించి చూడండి. మంచి టైలర్ కుట్టినదైతే లోపల రెండువైపులా గుడ్డ వదిలి ఉంటాడు, అంగుళంన్నర దాకా వదులు చేయొచ్చు. అది సరిపోకపోతే చీర పట్టుకెళ్లి చిక్‌పేటలో రంగు కలిసే గుడ్డ తీసుకుని, ఇప్పటి కొలతలతో కొత్తది కుట్టించుకోండి. పట్టని జాకెట్టుని "తగ్గాక వేసుకుంటా" అని బీరువా తలుపుకి తగిలించి రోజూ చూసుకోవద్దు. మూడు గంటలు పీటల దగ్గర ఊపిరాడక కూర్చునే మనిషి ఫోటోలో ఎలాగూ బాగా రాదు.

చివరికి మిగిలింది అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు ఒక్క ముక్కలో దాటేశారు. మీ అమ్మాయి టిఫిన్ బాక్సు సగం వెనక్కి తెస్తోందని, "చపాతీకి ఎన్ని క్యాలరీలమ్మా?" అని అడుగుతోందని రాశారు. పదో తరగతి కదా, టెన్షన్ అనుకున్నానన్నారు. టెన్షన్ అయ్యుండొచ్చు. కానీ ఆ పిల్ల మీరు రాత్రి తినకపోవడం చూస్తోంది, అద్దం ముందు పొట్ట పట్టుకుని తిట్టుకోవడం వింటోంది. ఇంట్లో బరువు మాట, లావు మాట, క్యాలరీల మాట ఆపేయండి, మీ గురించి మీరు అనుకునేవి కూడా. రాత్రి ముగ్గురూ కలిసి కూర్చుని తినండి. పిల్లకి నెలసరి ఆగిపోయినా, బాగా చిక్కిపోతున్నా, తిన్న వెంటనే బాత్రూములోకి వెళ్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

తిండి విషయంలో మనసు ఇలా గతి తప్పే జబ్బు చిన్నపిల్లలకే వస్తుందనుకోకండి. 2012లో అమెరికాలో ప్రచురించిన ఒక సర్వేలో 50 దాటిన ఆడవాళ్లలో దాదాపు 13 శాతం మందికి తిండికి సంబంధించిన మానసిక సమస్య లక్షణాలు కనిపించాయి. రహస్యంగా తినడం, తిన్నాక వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం, తిన్నందుకు మర్నాడు పస్తు ఉండటం, బరువు అంకెను బట్టి ఆ రోజంతా మనసు పాడవడం. మీరు రాసినదాంట్లో రెండు మూడు ఉన్నాయి. రాత్రి భోజనం మొదలుపెట్టిన మూడు నాలుగు వారాల్లో ఆ పదకొండు గంటల ఆకలి చాలామందికి తగ్గిపోతుంది. తగ్గకపోతే మనసు డాక్టరుతో మాట్లాడాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్‌హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. వెళ్లడానికి ఇంకా మనసు రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

చేయించుకోవాల్సిన పరీక్షలు: పూర్తి రక్తపరీక్ష, ఒంట్లో ఐరన్ నిల్వ తెలియడానికి ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, బీ12, విటమిన్ డీ, కొలెస్ట్రాల్, బీపీ. హెచ్‌బీఏ1సీ మూడు నెలల తర్వాత మళ్లీ. నెలసరిలో రక్తం గడ్డలుగా పోతున్నా, వారం దాటినా గైనకాలజిస్టుకి చూపించండి, రాత్రుళ్లు చెమటలు పట్టి నిద్ర పాడవుతున్న సంగతి కూడా ఆవిడకే చెప్పండి, దానికి మందులున్నాయి. రిపోర్టులు వచ్చాక అంకెలు ఇక్కడే రాయండి. హిమోగ్లోబిన్ 10 లోపు ఉంటే బరువుల వ్యాయామం అప్పుడే మొదలుపెట్టకండి, ముందు ఐరన్ సంగతి చూద్దాం.